వెల్లకిలా తిరిగిన మూత

పైడిరాజు ఆదివారం ఆటకి రావడం మానేసి ఐదు నెలలైంది. ఎందుకు మానేశాడో భానోజీకి ఎంత తల బద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు.

అడగలేదా అంటే, అడగడానికేం, రోజూ అడుగుతూనే ఉన్నాడు. పొద్దున్న బండి తీసేముందు ఒక వాయిస్ మెసేజి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి, సాయంత్రం ఇంటికొస్తూ ఒకటి. "బావా, నేనే. టిఫినయ్యిందా? ఇవాళ ఏటైందో తెలుసా..." అని మొదలెట్టాడంటే ఏడు నిమిషాలు, ఒక్కోసారి తొమ్మిది నిమిషాలు. అన్నిటికీ నీలం టిక్కులు పడేవి. జవాబు మాత్రం ఒక్కటంటే ఒక్కటి రాలేదు.

భానోజీకి విశాఖపట్నం వన్ టౌన్‌లో డ్రైవింగ్ స్కూలుంది. నేర్చుకునేవాళ్ళ పక్కన ఎడమ సీట్లో కూర్చుంటాడు. అతని కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. ఎదుటివాడు తొక్కాలని అనుకునేలోపే తను తొక్కేస్తాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు. నోరు కూడా అంతే. ఎదుటివాడు సగం అనగానే మిగతా సగం తను పూర్తిచేసి, జవాబు కూడా తనే చెప్పేస్తాడు. మనసు మాత్రం వెన్న. పైడిరాజు అంటే ప్రాణం.

ఇద్దరూ చుట్టాలేం కాదు. "బావా" అని పిలుచుకోవడం మొదలై పదకొండేళ్ళైంది, అదీ ఆ ఆట దగ్గరే.

ఆట సులేమాన్ మాస్టారిది. ఆయన ఓడలకి డ్రాయింగులు గీసి గీసి రిటైరయ్యారు. రిటైరయ్యాక కోటల్నీ గుహల్నీ గీయడం మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన మేడ మీద గదిలో ఐదుగురు చేరతారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషవుతారు. గ్రాఫ్ పేపరు మీద పటం. సముద్రపు గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా నట్లూ బోల్టులూ. మనుషులకి గుర్తుగా కూల్‌డ్రింకు మూతలు, ఒక్కోదానికి ఒక్కో రంగు, మాస్టారు స్వయంగా వేసినవి. పోట్లాట వస్తే వంతులవారీగా ఆడాలి. నీ వంతులో నువ్వు నడవొచ్చు, కొట్టొచ్చు, ఏదైనా చెప్పొచ్చు. అయ్యిందీ కానిదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

తలకి గట్టి దెబ్బ తగిలినవాడు స్టన్ అయినట్టు. వాడి మూతని వెల్లకిలా తిప్పుతారు. మాస్టారి లాంగ్ నోట్‌బుక్కులో, ఓడ డ్రాయింగు కింద రాసినంత పొందికైన అక్షరాల్లో, దాని గురించి నాలుగే ముక్కలున్నాయి. చెయ్యి ఆడదు. కాలు కదలదు. చూపూ వినికిడీ ఉంటాయి. మాటలు తడబడుతూ ఒకటో రెండో వస్తాయి.

వంతు చివర పాచిక వెయ్యాలి. పధ్నాలుగు దాటితే తెలివొస్తుంది, మూత మళ్ళీ బోర్లా తిరుగుతుంది. లేకపోతే ఇంకో వంతు అలాగే.

మాస్టారి దగ్గర ఇంకొకటుంది. రెండు హోమియోపతి సీసాల్ని మూతికి మూతి అంటించి, బీచి ఇసుక జల్లెడ పట్టి పోసి చేసుకున్న ఇసుక గడియారం. ఎవరి వంతు వస్తే వాళ్ళ ముందు పెట్టి తిప్పుతారు. రెండు నిమిషాలు. స్టన్ అయినవాడి ముందు కూడా పెట్టి తిప్పేవారు. అది చూసి భానోజీకి చిరాకు. చెయ్యి ఆడనివాడికి రెండు నిమిషాలు దేనికి, పెద్దాయన చాదస్తం కాకపోతే! ఆ రెండు నిమిషాలూ అతను ఫోన్ పట్టుకుని వరండాలోకి పోయేవాడు. ఆటలో అతని మనిషి మల్లుడు. వాడికి తల మొద్దని రాసి ఉండబట్టి, పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా స్టన్ తగల్లేదు.

వేసవిలో పైడిరాజుకి పక్షవాతం వచ్చింది.

పైడిరాజు అంటే ఆ పేటలో ఎవరికీ తెలీదు, మైకు పైడిరాజంటే తెలుస్తుంది. కబడ్డీ పోటీలకీ పడవ పందాలకీ మైకు పట్టుకుని చెప్పేవాడు. ఓడిపోయే పడవని కూడా గెలిచేంత గొప్పగా చెప్పేవాడు. బతికాడు. కాలు వచ్చింది. కుడి చెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం లోపలెక్కడో ఉండి, పైకి రావడానికి చాలాసేపు పట్టేది.

అతను మళ్ళీ ఆటకి రావడం మొదలెట్టిన సమయంలోనే సులేమాన్ మాస్టారికి కంటి ఆపరేషనైంది. "నెల్రోజులు నువ్వు నడుపు" అని తన కుర్చీ భానోజీకి ఇచ్చారు. భానోజీ పొంగిపోయాడు. మొట్టమొదట చేసిన పని, ఇసుక గడియారాన్ని తీసి అటక మీద పెట్టడం.

"చూడండి, నా చేతిలో పోట్లాట ముప్పావుగంటలో తేలిపోవాలి" అన్నాడు.

"అది పోట్లాటేటి, డ్రైవింగ్ టెస్టా?" అంది రోజ్‌లిన్. ఆమె ఆస్పత్రిలో నర్సు. ఎవరికీ జంకదు.

ఆ రోజు కంచుకోట పోట్లాట. కోట బురుజు మీద పెద్ద కంచుగంట. అది మోగితే కింద ఉన్నవాడు స్టన్. ఎలా గెలవాలో భానోజీ చాలా ఆలోచించి పెట్టాడు. గంట వేలాడే తాడుని పటంలో ఒక మూల సన్నగా, పెన్సిల్ గీతలా గీశాడు. ఎవరో ఒకరు చూడాలి. చూసి తాడు కోస్తే గంట పడిపోతుంది, అంతే. ఎవరు చూస్తారా అని లోలోపల పిల్లాడిలా ఎదురుచూశాడు.

మొదటి దెబ్బ పైడిరాజు మనిషికే, ఓడ నడిపే సరంగుకే తగిలింది. అతని నీలం మూత వెల్లకిలా తిరిగింది.

"బావది స్టన్. నెక్స్ట్, రోజ్‌లిన్!"

వంతు చివర పైడిరాజు కుడి చెయ్యి పాచిక కోసం మెల్లిగా జరుగుతుంటే, "నువ్వు కష్టపడకు బావా, నేనేస్తాలే" అని భానోజీయే వేశాడు. ఆరు పడింది.

రెండోసారి. "బావది స్టన్. నెక్స్ట్!"

మూడోసారి పైడిరాజు ఎడమ చెయ్యి కొంచెం పైకి లేచింది. నోరు తెరిచాడు. భానోజీకి గుండె తరుక్కుపోయింది. అంత గొంతున్నవాడు, నలుగురిలో మాట రాక అలా అవస్థపడటం చూడలేకపోయాడు. "పర్లేదు బావా, కంగారేం లేదు, నువ్వు హాయిగా కూర్చో, నేను చూసుకుంటా" అని గబగబా అనేసి రోజ్‌లిన్ వైపు తిరిగిపోయాడు.

నాలుగోసారి పైడిరాజు నోరు తెరవలేదు.

గంట అందర్నీ పడగొట్టింది. నాలుగో ఆటగాడు గవర్రాజు తన విలుకాడు చచ్చిపోయాడని మూతి ముడుచుకున్నాడు. "ఒక్కరికీ కనబడలేదేటర్రా!" అని భానోజీ నెత్తి కొట్టుకున్నాడు గానీ, ఏది కనబడలేదో చెప్పలేదు. మళ్ళీ వారానికి దాచుకున్నాడు. ఆ హడావిడిలో పైడిరాజు లేచి మెట్లు దిగి వెళ్ళడం ఎవరూ సరిగ్గా చూడలేదు. సాయంత్రం మూతలు డబ్బాలో సర్దుతుంటే నీలం మూత లేదు.

ఆ తర్వాత అతను రాలేదు.

మాస్టారు మళ్ళీ తన కుర్చీలోకి వచ్చారు. ఆట నడుస్తూనే ఉంది. భానోజీ మాత్రం ప్రతి ఆదివారం మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే తల తిప్పేవాడు. వచ్చేది ఎప్పుడూ టీ తెచ్చే మాస్టారి కోడలే. ఆట అయ్యాక ఇంటికి పోకుండా బీచిరోడ్డులో బండి ఆపుకుని, ఫోన్‌లో పాత మెసేజీలు వెతుక్కునేవాడు. పక్షవాతానికి ముందు పైడిరాజు పంపినవి. "సోదర సోదరీమణులారా! అదిగో అదిగో, భానోజీగారి స్కూటరు మలుపు తిరిగింది, వెనక చక్రంలో గాలి లేదు, అయినా ఆగలేదు!" ఏదీ ఇరవై సెకన్లకి మించి లేదు. అయిపోతే మళ్ళీ మొదట్నుంచి పెట్టుకునేవాడు.

ఐదో నెల్లో ఒక ఆదివారం అందరికంటే ముందొచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, మీ పుస్తకంలో ఆ స్టన్ రూలు కొట్టేద్దాం."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "ఏం?"

"ఆ రూలు వల్లే బావ పోయాడు మాస్టారూ. మనిషి అసలే దెబ్బతిని ఉన్నాడు, ఆటలో కూడా గంటసేపు చేతులు కట్టేసి కూర్చోబెట్టాం. ఎవరికైనా మనసు విరుగుతుంది. దెబ్బ తగిలితే నాలుగు పాయింట్లు తగ్గిద్దాం, ఐదు తగ్గిద్దాం, అంతేగానీ మనిషిని ఆపేయడమేటి? నేనాలోచించాను, మూడు పద్ధతులున్నాయి, ఒకటేమో..."

"సరే, కొట్టేద్దాం" అన్నారు మాస్టారు.

భానోజీ మూడు పద్ధతులూ నోట్లోనే ఉండిపోయాయి.

"ఇవాళొక్క పోట్లాట ఆడి కొట్టేద్దాం" అని మాస్టారు పెన్ను పుస్తకం మీద పెట్టారు. "నీ మల్లుడికి ఇవాళ సెలవు. దీపాలవాడిగా ఆడు." కొత్త పసుపు మూత ఒకటి చేతిలో పెట్టారు. తర్వాత స్టూలెక్కి అటక మీంచి ఇసుక గడియారం దించి, దాని మీది దుమ్ము లుంగీ అంచుతో తుడిచారు.

రోజ్‌లినూ గవర్రాజూ వచ్చారు. లైట్‌హౌస్ మెట్ల మీద పోట్లాట. మెట్ల మలుపులో పిడుగు పీత ఉంది. దాని డెక్క తగిలితే స్టన్. రెండో చుట్టులోనే దీపాలవాడికి తగిలింది. పసుపు మూత వెల్లకిలా తిరిగింది.

వంతు వచ్చింది. మాస్టారు ఇసుక గడియారాన్ని భానోజీ ముందు పెట్టి తిప్పారు.

"నీ వంతు."

"నాది స్టన్ కదండీ. నెక్స్ట్ రోజ్‌లిన్."

మాస్టారు చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని భానోజీ మొహంలోకి చూస్తూ కూర్చున్నారు.

"అంటే నేనేం చెయ్యలేనుగా మాస్టారూ, చెయ్యి ఆడదు, కాలు కదలదు, మరి ఊరికే కూర్చుని..."

"రెండు మాటలు. రూలు" అన్నారు మాస్టారు.

రోజ్‌లిన్ నవ్వు ఆపుకోలేకపోయింది. "రెండు మాటలా! మా అన్నయ్యకా! ఇంక పీత అక్కర్లేదు మాస్టారూ, ఇదే చాలు."

భానోజీ కూడా నవ్వాడు. నవ్వు అయిపోయింది. ఇసుక అయిపోలేదు. అతని కాలు బల్ల కింద నేలని నొక్కుతోంది. గవర్రాజు టీ తాగబోయి, మాస్టారి మొహం చూసి గ్లాసు దించేశాడు. అందరూ తన నోటి వైపే చూస్తున్నారు. ఏ రెండు మాటలు? నోట్లో రెండొందలున్నాయి. ఏ రెండో తెలీలేదు. ఇసుక అయిపోయింది. పాచిక వేశాడు, తొమ్మిది.

మళ్ళీ వంతు వచ్చింది. మళ్ళీ ఇసుక.

"నీ వంతు."

ఈసారి ఏం తోచక పటం వంక చూశాడు. పదకొండేళ్ళలో ఎప్పుడూ పటాన్ని అంతసేపు చూడలేదు. ఎప్పుడూ తర్వాత తనేం చెయ్యాలా అన్న ధ్యాసే. ఇప్పుడు చెయ్యడానికేం లేదు. మెట్లు ఎన్నో కనబడ్డాయి. పీత ఏ కాలు మీద బరువు వేసిందో మాస్టారు చిన్న చుక్కతో చూపించారు, అదీ కనబడింది. ఫ్యాన్ కిర్రుమంటోంది. హార్బరులో ఏదో ఓడ కూత పెట్టింది. పాచిక మూడు.

గవర్రాజు బాణాలు అయిపోయాయి. రోజ్‌లిన్ ఆడుతున్న రాణికి ఇంకొక్క దెబ్బకి సరిపడా ప్రాణముంది.

మూడోసారి ఇసుక తిరిగింది. భానోజీ పటం మీద వంగాడు. తన మూత పక్కనుంచి, దీపాలవాడు నూనె డబ్బాతో సహా పడిపోయిన చోటునుంచి, సన్నని గీత ఒకటి మెట్టు మెట్టూ దిగుతూ పీత కింద దాకా పోయింది. అతని బుర్రలో ఏదో వెలిగింది. నోరు తెరిచాడు. రూలు గుర్తొచ్చి మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"నూనె... దీపం."

రోజ్‌లిన్ ఒక్క క్షణం అతని వంక చూసింది. తర్వాత పటం వంక చూసింది. "అమ్మ బాబోయ్" అని తన వంతులో గోడ మీది దీపం తీసి మెట్ల మీదికి విసిరింది. పీత కాలిపోయింది. గవర్రాజు కుర్చీలోంచి లేచి కేకేశాడు.

భానోజీ కేకెయ్యలేదు. వెల్లకిలా ఉన్న తన మూత వంకే చూస్తున్నాడు.

మాస్టారు నోట్‌బుక్ తెరిచి, ఆ పేజీ తిప్పి, పెన్ను మూత తీసి అతని చేతిలో పెట్టారు. "కొట్టేయ్" అన్నారు.

నాలుగే ముక్కలు. భానోజీ మొదటి రెండూ ఎన్నిసార్లు చదివి ఉంటాడో. చూపూ వినికిడీ, మాట అన్న కింది రెండింటి దగ్గర పెన్ను ఆగిపోయింది. పెన్నుకి మూత పెట్టేశాడు.

"మాస్టారూ, బావ ఆ రోజు..." అన్నాడు.

మాస్టారు తొందరపెట్టలేదు. అల్మారాలోంచి ఒక గ్రాఫ్ పేపరు తీశారు. కంచుకోట పటం. దాన్ని నాలుగు మడతలు పెట్టి, మీద ఇసుక గడియారం పెట్టి, రెండూ కలిపి అతనికి ఇచ్చారు.

"ఆ పోట్లాటలో ఒకరి వంతు ఉండిపోయింది" అన్నారు.

కోటవీధిలో పైడిరాజు ఇంటికి వెళ్ళేసరికి ఇంకా ఎండ పూర్తిగా దిగలేదు. తలుపు తీసింది పైడిరాజు భార్య ఈశ్వరి.

"రండన్నయ్యా! ఇన్నాళ్ళకా? మెసేజీలే గానీ మనిషి రారనుకున్నాం."

"బావ అవి వింటాడా చెల్లెమ్మా?"

"వినకపోవడమేటి! ఒక్కోటి రెండేసిసార్లు పెట్టమంటారు. విని, జవాబు చెప్తానని ఫోన్ తీసుకుంటారు. ఇలా మొదలెడతారో లేదో..." ఈశ్వరి పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "మీది ఇంకోటి వచ్చేస్తుంది. సరే, అది విని చెప్తాననుకుంటారు."

భానోజీ ఏం అనలేదు. అతను ఏమీ అనకపోవడం ఈశ్వరి ఎప్పుడూ చూడలేదు. కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళిపోయింది.

పైడిరాజు కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. బావని చూడగానే మొహం ఒక పక్క వెలిగింది. రెండో పక్క కొంచెం ఆలస్యంగా వెలిగింది. కిటికీ గట్టు మీద మందుల డబ్బా, దాని పక్కన నీలం మూత. వెల్లకిలాగానే ఉంది. ఆ గుంటలో సాయంత్రం వేసుకోవాల్సిన మాత్ర ఉంది.

"బావా" అన్నాడు భానోజీ. వెనకాల ఐదు నెలల మాటలు తోసుకొచ్చాయి. పళ్ళు కరిచి పట్టుకున్నాడు.

స్టూలు లాగి పటం పరిచాడు. మూలలకి మందుల డబ్బా, నీళ్ళ గ్లాసు, తన బండి తాళాలు, ఫోన్ పెట్టాడు. మాత్ర తీసి పక్కన పెట్టి, నీలం మూతని ఆ రోజు ఏ గడిలో పడిందో అదే గడిలో, అలాగే వెల్లకిలా పెట్టాడు. ఇసుక గడియారం బావ ముందు పెట్టి తిప్పాడు.

"నీ వంతు, బావా."

పైడిరాజు ఇసుక వంక చూశాడు. బావ వంక చూశాడు. పటం వంక చూడలేదు. కళ్ళు నిండాయి. ఆ రెండు నిమిషాలూ అందులోనే పోయాయి.

భానోజీ జేబులోంచి పాచిక తీసి అతని కుడి అరచేతిలో పెట్టాడు. చెయ్యి మెల్లిగా, మెల్లిగా ఒరిగింది. పాచిక స్టూలు మీద పడి దొర్లి ఆగింది. పదకొండు.

మళ్ళీ తిప్పాడు.

ఈసారి ఎడమ చెయ్యి లేచింది. ఆ రోజు లేచినట్టే, కొంచెమే. నోరు తెరుచుకుంది. గొంతులో ఏదో కదిలింది. వీధిలో ఎవరో హారన్ కొట్టారు. లోపల కాఫీ గిన్నె చప్పుడైంది. భానోజీ కాలు నేలని గట్టిగా నొక్కుతోంది. చూసుకుని, కాలు తీసేశాడు.

"తా..." అన్నాడు పైడిరాజు.

భానోజీకి తెలిసిపోయింది. తర్వాతి అక్షరం అతని నాలుక చివరే ఉంది. అతను గీసిన గీతే అది. ఎవరైనా చూస్తారా అని గదంతా వెతికిన గీత. పెదవులు రెండూ బిగించుకున్నాడు.

పైడిరాజు ఎడమ చెయ్యి మెల్లిగా పటం మీదికి వచ్చింది. బురుజు దాటింది. గంట దాటింది. మూలనున్న సన్నని పెన్సిల్ గీత మీద వేలు ఆగింది.

"...డు."

వేలు అక్కడే ఉంది. అతను బావ కళ్ళలోకి చూస్తున్నాడు. నోరు ఇంకా తెరిచే ఉంది. లోపల్నుంచి ఇంకేదో మాట బయల్దేరినట్టుంది.

ఇసుక ఇంకా సగం ఉంది. భానోజీ కూర్చున్నాడు.